రాత్రి హోంవర్క్, గదిలో ఫోను
ఆన్‌లైన్ తరగతుల కోసం పిల్లలకిచ్చిన ఫోను ఇప్పటికీ పెద్దల చేతికి తిరిగి రావడం లేదు. ఎనిమిదో తరగతి వరకు రోజుకు 30-45 నిమిషాల పాఠాలు రెండుకు మించరాదని 2020 జులైలో కేంద్రం ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాల్లో సూచించింది. కరోనా తగ్గినా బడులకు వాట్సాప్ అలవాటు తగ్గలేదు. ఆరో తరగతి చదివే మా అబ్బాయికి హోంవర్క్ రాత్రి ఎనిమిదిన్నరకు వస్తుంది. రాసుకోవడానికి పది నిమిషాలు, ఆ వంకతో తలుపు వేసుకుని గంటన్నర. ఒకరోజు చూస్తే తెర పైసగంలో లెక్కలు, కిందిసగంలో క్రికెట్ ఆట! రూటర్‌లో వాడి ఫోనుకు వేళలు పెట్టాను (పాస్‌వర్డ్ నాకంటే ముందు వాడికే తెలుసు, అది వేరే సంగతి), హాల్లోనే కూర్చోమన్నాను. కొంత నయం. కానీ బడి ఏ వేళ ఏం పంపుతుందో తెలియనప్పుడు ఇంట్లో ఏ కట్టడీ నిలవదు. హోంవర్క్‌ను బడి వదిలేలోపే డైరీలో రాయించాలని విద్యాశాఖ అన్ని పాఠశాలలకూ ఉత్తర్వులివ్వాలి.
— ఒక తండ్రి, వరంగల్