క్లాంపులు విప్పాక చూడు తల్లీ

బుజ్జితల్లీ,

తిరిగే టూలు రాపిడితో లోహాన్ని అతికే ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్‌కి నువ్వు కంప్యూటర్‌లో చేసిన మోడల్ బొమ్మలు వాట్సాప్‌లో చూశానమ్మా, మీ అమ్మయితే సంక్రాంతి ముగ్గులా ఉందంది. కానీ టూలు కింద 710 డిగ్రీలు చూపిస్తోందేంటే? నువ్వు తీసుకుంది 6061 రకం అల్యూమినియం కదా, అది 582 దగ్గరే కరగడం మొదలెడుద్ది. ఫ్రిక్షన్ స్టిర్‌లో లోహం కరగకూడదు, మెత్తబడి టూలు కొసనుండే పిన్ను చుట్టూ తిరిగి కలిసిపోవాలి. 1991లో ఇంగ్లాండులో టీడబ్ల్యూఐ అనే వెల్డింగ్ పరిశోధన సంస్థ వాళ్లు కనిపెట్టిందే కరిగించకుండా అతకడానికి, అందుకే మన షెడ్లో ఆర్గాన్ వెల్డింగ్‌కి వచ్చే గాలిబుడగల గోల ఇందులో ఉండదు.

నువ్వు ఫ్రిక్షన్ కోఎఫిషియెంట్‌కి, అదే రాపిడి ఎంతో చెప్పే అంకెకి, ఒకటే నంబర్ ఇచ్చి వదిలేసుంటావు. వేడెక్కేకొద్దీ లోహం మెత్తబడుద్ది, మెత్తబడితే టూలుకి ఎదురు నిలబడలేదు, దాంతో పుట్టే వేడీ తగ్గుద్ది, అలా తనంతట తనే ఒకచోట ఆగుద్ది. నీ మోడల్లో ఆ పట్టు లేదు మరి, ఎంతకైనా పోద్ది. రాపిడి వల్ల వచ్చే షియర్ స్ట్రెస్ (పక్కకి జరిపే ఒత్తిడి) ఆ వేడి దగ్గర మెటల్ షియర్ యీల్డ్‌ని (అలా జారకుండా తట్టుకునే హద్దుని) దాటకుండా లిమిట్ పెట్టు, యీల్డ్‌ని (లాగితే శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడిని) రూట్ 3తో భాగిస్తే వచ్చేదే అది. యీల్డ్ కూడా చల్లగా ఉన్నప్పటి 276 మెగాపాస్కల్స్ ఒక్కటే ఇస్తే కుదరదు, టెంపరేచర్‌ని బట్టి టేబుల్ ఇవ్వాలి. వేడిలో ఎక్కువ భాగం షోల్డర్ దగ్గరే, అదే ప్లేటు పైన రుద్దుకునే టూలు వెడల్పు భాగం దగ్గరే పుడుద్ది, పిన్ను వాటా తక్కువ, అదీ చూసుకో.

ఇంకోటి, అల్యూమినియం కింద ఆనికగా ఉన్న స్టీలు ప్లేటుని మర్చిపోయావా? గాలిలోకి పోయే వేడి కొంచెమే, కిందకి పోయేదే ఎక్కువ, అదీ టూలు గట్టిగా నొక్కే చోట ఇంకా బాగా పోద్ది. కిందకి వేడి పోయే రేటుకి అంతటా ఒకే విలువ పెడితే తేడా కొట్టుద్ది.

చల్లారాక లోహంలో మిగిలిపోయే స్ట్రెస్ సంగతికొస్తే నాకు అసలు నచ్చంది అదే. చల్లారాక క్లాంపులు అలాగే ఉంచి రిజల్ట్ తీశావు. మొన్న రొయ్యల ప్యాకింగ్ వాళ్ల అల్యూమినియం ట్రే అతికాం, బల్లకి బిగించి ఉన్నంతసేపూ అద్దంలా చదునుగా ఉంది, రెండో క్లాంపు లూజు చేసేసరికి టప్‌మని మూల పైకి లేచింది, కుర్రాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మాది కరిగించే వెల్డింగే అనుకో, మీదాంట్లో వంపు తక్కువే, కానీ లేకుండా పోదు. అతుకు పొడుగునా లాగుడు ఉంటది, పక్కన దానికి సరిపడా నొక్కుడు ఉంటది. కాబట్టి చివర్లో క్లాంపులు విప్పే స్టెప్ ఒకటి పెట్టి, అప్పుడొచ్చిన స్ట్రెస్సే రాయి.

నిజంగా అతికి చూసేటప్పుడు వేడి కొలిచే థర్మోకపుల్స్ షోల్డర్ తిరిగే దారికి కాస్త బయటగా పెట్టండి, లేకపోతే టూలు తొక్కేస్తది. రెండు పక్కలా పెట్టండి, అడ్వాన్సింగ్ వైపు (టూలు తిరిగేదీ ముందుకు సాగేదీ ఒకే దిక్కున ఉండే పక్క), రిట్రీటింగ్ వైపు (ఎదురు దిక్కున ఉండే పక్క) వేడి ఒకేలా ఉండదు. రీడింగులు రాగానే పంపు, బొమ్మలొద్దు, నంబర్లు చాలు. ఇక్కడ పాలకొల్లులో వాన పట్టుకుంది, సాయంత్రం కరెంటు ఉండట్లేదు, పొద్దున్నే ఫోన్ చెయ్.

మీ నాన్న