గుర్తు కంటే ముందు పరిమాణం తెలియాలి

సంపాదకులకు,

ఏ సంఖ్య పెద్దదో, ఏది చిన్నదో పిల్లలకు నేర్పేటప్పుడు ‘>’, ‘<’ గుర్తులను పెద్ద సంఖ్య వైపు నోరు తెరిచిన మొసలిగా చూపే బొమ్మతోనే పాఠం మొదలుపెట్టడం సరికాదని నా అభిప్రాయం. 1631లో తొలిసారి అచ్చులో కనిపించిన ఆ గుర్తులు ఒక సంక్షిప్త రాత మాత్రమే. అవి ఎటు తిరగాలో తెలిసినంత మాత్రాన పరిమాణం తెలిసినట్లు కాదు.

ఐదు గింజలను దగ్గరదగ్గరగా, మరో ఐదింటిని ఎడంగా పేర్చి ఏ వరుసలో ఎక్కువున్నాయని అడిగితే, నాలుగేళ్ల పిల్లలు చాలామంది పొడవైన వరుసనే చూపిస్తారని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే ఏనాడో గమనించారు. అందుకే మొదట గింజకు గింజను జతచేసి, ఏ వరుసలో మిగిలిందో పిల్లల చేతనే చూపించాలి.

రెండంకెల సంఖ్యల దగ్గర అసలు చిక్కు వస్తుంది. 39, 41లలో తొమ్మిదిని చూసి 39 పెద్దదనే పిల్లలకు నియమం వల్లెవేయించే బదులు, పదేసి పుల్లలను కట్టలు కట్టిస్తే, విడిగా మిగిలిన తొమ్మిది పుల్లలూ కలిసినా ఇంకో కట్ట కావన్నది వారి కంటికే కనిపిస్తుంది. 2, 9ల కంటే 8, 9లను పోల్చడానికి పెద్దలకైనా కాస్త ఎక్కువ సమయం పడుతుంది కనుక, పిల్లలను తొందరపెట్టడం అన్యాయం.

పాఠ్యపుస్తకాలు రూపొందించేవారు ప్రతి పోలిక లెక్క కింద ‘నీకెలా తెలిసింది?’ అన్న ప్రశ్న చేర్చి, జవాబును బొమ్మ గీసి చూపేందుకు ఖాళీ వదలాలని మనవి.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు