వడదెబ్బ జాగ్రత్తల్లో ఈ ఒక్క మాటా చేర్చండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

మొన్న ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో గుండెపోటు మీద వ్యాసం వేశారు. పక్కన ఒక బొమ్మ. తుప్పు పట్టిన నీళ్ల పైపు, దాని నిండా జిడ్డు, కింద ‘మన రక్తనాళాలూ ఇంతే’ అని రాత. వ్యాసంలో చెప్పిన సలహాలన్నీ మంచివే. నా పేచీ ఆ బొమ్మతోనే. నేను సోంపేటలో ముప్పై నాలుగేళ్లు మందుల షాపు నడిపి, రెండేళ్ల కిందట కొడుక్కి అప్పగించిన ఫార్మసిస్టుని. రక్తనాళమంటే పైపే అనుకుంటూ ఆ ముప్పై నాలుగేళ్లలో చాలా భాగం గడిపేశాను. ఆ అనుకోవడం మా అక్క ఇంటి మీదికి ఏం తెచ్చిందో చెప్పి, మీ వడదెబ్బ జాగ్రత్తల్లో నొప్పి బిళ్లల గురించి ఒక్క మాట చేర్చమని అడుగుదామని ఈ ఉత్తరం.

పైపు తనంతట తాను ముడుచుకోదు, వదులు కాదు. నాళం ఈ రెండు పనులూ రాత్రీ పగలూ చేస్తూనే ఉంటుంది. దాని గోడలో కండ ఉంది. ఆ కండకి ఎప్పుడు బిగియాలో ఎప్పుడు వదలాలో చెప్పేవాటిలో ముఖ్యమైనది లోపలి పొర. ఎండోథీలియం అంటారు. లేత బొండాం కొట్టి నీళ్లు తాగేశాక గోటితో గీకితే మీగడ వస్తుందే, అది తలుచుకోండి. నాళం లోపొర అంతకన్నా ఎంతో పలచన, ఒక్క కణం మందం. మేం డి.ఫార్మసీ చదివిన రోజుల్లో దాని గురించి మాకు చెప్పింది ఒక్క వాక్యమే: రక్తం సాఫీగా జారడానికి లోపల ఉండే నున్నటి పొర. కోటుకి అస్తరు ఎలాగో, నాళానికి అది అలాగ అనుకున్నాం.

మా వైపు జనం రక్తనాళాన్నీ నరం అనే అంటారు. ‘నరం బిగిసీసింది’, ‘నరం లాగుతంది’ అంటూ షాపుకొచ్చేవారు. నేను దిద్దేవాణ్ని, అది నరం కాదు, నాళం అని. ఇప్పుడు ఆలోచిస్తే నా నాళం కన్నా వాళ్ల నరమే నిజానికి దగ్గరగా ఉంది. అందులో బిగియడం ఉంది, వదలడం ఉంది.

ఈ లోపొర సంగతి బయటపడిన తీరు కూడా చెప్పాలి. అమెరికాలో బ్రూక్లిన్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ అనే శాస్త్రవేత్త కుందేలు బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద నాళం) ముక్కల మీద మందులు వేసి చూస్తుండేవాడు. ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం బతికున్న జంతువులోకి ఎక్కిస్తే నాళాలు వదులై రక్తపోటు పడిపోతుంది. అదే పదార్థాన్ని ఆయన బల్ల మీది ముక్కకి పెడితే ముక్క బిగిసేది. పాతికేళ్లు ఇదే వరస. 1978లో ఒక రోజు ప్రయోగశాలలో పని కాస్త వేరే రకంగా జరిగింది, ఆ ముక్క బిగియకుండా వదులైంది. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, ఇన్నాళ్లూ ముక్కలు కోసేటప్పుడు లోపలి వైపు రుద్దుకుపోయి ఆ పలచటి పొర ఊడిపోతూ వచ్చింది. ఆ రోజు ఊడలేదు. తర్వాత ఆయన చేసిన పరీక్ష నాకు మరీ ఇష్టం. పొర ఊడిన ముక్కనీ పొర ఉన్న ముక్కనీ ఎదురెదురుగా, రెండు జీడిబద్దలు కలిపినట్టు కలిపి పెట్టాడు. మందు వేస్తే పొర లేని ముక్క కూడా వదులైంది! అంటే పొరలోంచి ఏదో వెలువడి పక్క ముక్కకి చేరుతోందన్నమాట. 1980లో ఈ సంగతి అచ్చయింది.

ఆ ‘ఏదో’ ఏమిటో తేలడానికి మరో ఆరేడేళ్లు పట్టింది. నైట్రిక్ ఆక్సైడ్. మోటారు బండ్ల పొగలో ఉండే వాయువు! మన ఒంట్లో ఆ పొర ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం నుంచి దాన్ని తయారు చేసుకుంటుంది. అది బతికేది కొన్ని సెకన్లే, ఆ కాసేపట్లోనే పక్కనున్న కండలోకి దూరి దాన్ని వదులు చేస్తుంది. రక్తం పొరని ఒరుసుకుంటూ జోరుగా పారితే ఇంకా ఎక్కువ తయారవుతుంది. రోజూ నడవమని డాక్టర్లు అనడం వెనక ఈ లెక్క కూడా ఉంది. 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ ముగ్గురికీ నోబెల్ ఇచ్చారు. లండన్‌లో 1987లో ఆ వాయువుని కొలిచి చూపించిన మోంకాడా పేరు అందులో లేకపోవడం అన్యాయమనే నేను అనుకుంటాను.

మా షాపులో గుండె నొప్పి వాళ్లకి నాలిక కింద పెట్టుకునే బిళ్ల ఎన్ని వందల పట్టీలు అమ్మానో. అది చేసేదీ ఇదే, కండకి నైట్రిక్ ఆక్సైడ్‌ని బయటి నుంచి అందించడం. దాని అన్నలాంటి నైట్రోగ్లిజరిన్‌ని 1879లోనే మర్రెల్ అనే ఇంగ్లండు వైద్యుడు గుండె నొప్పికి వాడి చూపించాడు. డైనమైట్‌లో ఉండేదీ అదే. డైనమైట్ చేసిన నోబెల్‌కే చివరి రోజుల్లో గుండె జబ్బుకి డాక్టర్లు దాన్ని రాశారు. నూరేళ్ల పాటు పనిచేసిన మందు, ఎందుకు పనిచేస్తోందో ఆ నూరేళ్లూ ఎవరికీ తెలీదు.

లోపొర నాళాన్ని వదులు చేయడమే కాదు, బిగిస్తుంది కూడా. 1988లో జపాన్‌లో త్సుకుబా విశ్వవిద్యాలయం వాళ్లు పంది నాళం పొరలోంచి ఎండోథీలిన్ అనే పదార్థం పట్టారు. ఇరవై ఒక్క అమైనో ఆమ్లాల గొలుసు. నాళాన్ని బిగించడంలో దాన్ని మించినవి బహు కొద్ది. ఇజ్రాయెల్ వైపు మట్టిలో దూరి తిరిగే ఒక పాము విషంలో అచ్చం దీనిలాంటిదే ఉంది. బీపీ బిళ్లల్లో కొన్ని వాడితే పొడి దగ్గు వస్తుందని మీ పాఠకుల్లో చాలామందికి అనుభవమే. ఊపిరితిత్తుల నాళాల లోపొర మీద ఒక ఎంజైము ఉంటుంది. నాళాన్ని బిగించే యాంజియోటెన్సిన్‌ని తయారు చేసేది అదే, దగ్గు పుట్టించే బ్రాడికైనిన్‌ని విరగ్గొట్టేదీ అదే. బిళ్ల ఆ ఎంజైముని ఆపితే బీపీ దిగుతుంది, దగ్గు మొదలవుతుంది. ఆ దగ్గుకి నేను సిరప్పులు అమ్మాను. డాక్టరు దగ్గరికి వెళ్లి బీపీ బిళ్ల మార్పించుకోండని చెప్పాల్సింది.

ఇక మా బావ సంగతి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా ఉద్దానం మీద, అంటే శ్రీకాకుళం జిల్లా తీరంలోని మా తోటల ప్రాంతం మీద పడింది. బావకి కవిటి మండలంలో రెండెకరాల కొబ్బరి తోట, నడుమ కొంత జీడి. తెల్లారేసరికి నిలబడ్డ చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కరెంటు లేదు, కరెంటు లేకపోతే బోరు లేదు. ట్యాంకరు వచ్చినప్పుడు పట్టుకున్న నీళ్లే ఇంటిల్లిపాదికీ. అరవై రెండేళ్ల మనిషి, కూలీలు దొరక్క తనే గొడ్డలి పట్టుకుని రోజుల తరబడి ఆ దుంగలు నరికాడు. వాన వెలిశాక ఎండ మండిపోతోంది. చెమట ధారలు. పిల్లలకి చాలవని తను నీళ్లు తగ్గించి తాగాడు. ఇది తర్వాత తెలిసింది.

రెండో రోజు నాకు కబురు చేశాడు. ‘ఒరే, వొల్లంతా పచ్చి పుండైపోనాదిరా. నొప్పుల బిల్లలు ఓ ఇరవై అంపు’ అని. డైక్లోఫెనాక్ పంపాను. అది డాక్టరు చీటీ మీద అమ్మాల్సిన మందు. బావే కదా అని పంపేశాను. ఆయన బీపీకి ఎనాలాప్రిల్ (పైన చెప్పిన, ఆ ఎంజైముని ఆపే రకం బిళ్లే), దాంతో పాటు నీళ్లు పోయే బిళ్ల వేసుకుంటున్నాడని నాకు తెలుసు. ఆ బిళ్లలూ నా షాపులోవే.

తొమ్మిదో రోజుకి కాళ్లు పొంగాయి, మూత్రం బాగా తగ్గిపోయింది. విశాఖపట్నం తీసుకెళ్తే రక్తంలో క్రియాటినైన్ (కిడ్నీల పని తగ్గితే పెరిగేది) 4.8 అన్నారు. ఆరు నెలల కిందటి కాగితంలో 1.1 ఉంది. మా అక్క ఆసుపత్రి మెట్ల మీద కూలబడి, ‘తమ్ముడూ, మనింటికీ వొచ్చీసిందేట్రా ఆ జబ్బు?’ అంది. ఉద్దానంలో ‘ఆ జబ్బు’ అంటే ఏదో ఎవరూ విడమర్చి అడగరు, మా ఊళ్లని పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బే. 

డాక్టరమ్మ మందుల పేర్లన్నీ అడిగింది. నొప్పి బిళ్ల పేరు రాగానే, ‘ఎవరిచ్చారండీ ఇది?’ అంది. ‘నేనేనండి, ఫార్మసిస్టుని’ అన్నాను. కోప్పడలేదు. చీటీ వెనక ఒక బొమ్మ గీసింది. కిడ్నీలో జల్లెడ, దానికి రక్తం తెచ్చే సన్న నాళం ఒకటి, తీసుకెళ్లేది ఒకటి. చెరువుకి లోనికొచ్చే మదుము, బయటికెళ్లే మదుము అనుకోండి. నీళ్లు తగ్గినప్పుడు ఒళ్లు బీపీ నిలుపుకోవడానికి ఎక్కడికక్కడ నాళాలు బిగిస్తుంది. కిడ్నీకి రక్తం ఆగకూడదు గనక, లోపలికొచ్చే నాళాన్ని తెరిచి ఉంచడానికి దాని లోపొరా చుట్టూ ఉన్న కిడ్నీ కణాలూ ప్రొస్టాగ్లాండిన్లనే పదార్థాలు వదులుతాయి. బయటికెళ్లే నాళాన్ని యాంజియోటెన్సిన్ బిగించి జల్లెడలో ఒత్తిడి నిలబెడుతుంది. నొప్పి బిళ్ల నొప్పిని తగ్గించేదే ప్రొస్టాగ్లాండిన్లు తయారు కాకుండా ఆపి. ఆస్పిరిన్ ఇలాగే పనిచేస్తుందని జాన్ వేన్ 1971లో చూపించాడు, నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పాఠమే. ఆ బిళ్ల మోకాలి దగ్గర ఆపినట్టే కిడ్నీ దగ్గరా ఆపేస్తుంది, లోపలి మదుము మూసుకుంటుంది. బీపీ బిళ్ల యాంజియోటెన్సిన్‌ని తయారు కానివ్వక బయటి మదుముని వదులు చేసేస్తుంది. నీళ్ల బిళ్ల ఉన్న నీళ్లనీ తోడేస్తుంది. మూడూ మంచి మందులే. చెమటలు కక్కుతూ నీళ్లు చాలని ఒంట్లో మూడూ కలిశాయి.

నీళ్లు సరిగ్గా తాగుతూ ఆరోగ్యంగా ఉన్న మనిషికి రెండు రోజులు ఆ బిళ్ల వేస్తే కిడ్నీకి పెద్దగా తెలియదు, ఎందుకంటే అప్పుడు కిడ్నీ ఆ పొర దయ మీద ఆధారపడి ఉండదు. ఎండిపోయిన ఒంట్లోనే అసలు ప్రమాదం. ఇన్నేళ్లూ నాకు అర్థం కానిది ఇదే. పైపు అనుకున్నవాడికి ఇది ఎప్పటికీ తట్టదు.

బావ బతికి బయటపడ్డాడు. నొప్పి బిళ్ల మానిపించి, సెలైన్ పెట్టి, బీపీ మందులు డాక్టర్లే కొన్నాళ్లు ఆపి మళ్లీ మొదలెట్టారు. మూడు వారాలకి క్రియాటినైన్ 1.4కి దిగింది. ‘ఆ జబ్బు’ కాదు. అక్క ఆ రోజు మందస వాసుదేవ పెరుమాళ్లకి మొక్కు చెల్లించింది.

ఒక్క మాట స్పష్టంగా రాయాలి. ఉద్దానం కిడ్నీ జబ్బుకి నొప్పి బిళ్లలే కారణమని నేను అనడం లేదు. దాని అసలు కారణం శాస్త్రవేత్తలకే ఇంకా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండు వందల పడకల ఆసుపత్రి తెరిచారు, హిరమండలం నుంచి ఇంటింటికీ నీళ్లు తెచ్చారు, అవి ఎంతో అవసరమైనవి. కానీ అసలే కిడ్నీలు ఇంత బెంగ పెట్టే గడ్డ మీద, తోటలో ఎండకి మాడిన మనిషి సాయంత్రం కిరాణా కొట్లో కూడా దొరికే నొప్పి బిళ్ల రెండు మింగి పడుకోవడం నాకు నిద్ర పట్టనివ్వదు. మా అమ్మమ్మ తరం ఆడవాళ్లు అడ్డపొగ తాగేవారు, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టి. ఇప్పటికీ తీరం ఊళ్లలో కొందరున్నారు. అంగిలి పుండ్ల గురించి అందరూ చెబుతారు గానీ, ఆ పొగ నాళం లోపొరనీ చెడగొడుతుంది, వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గిపోతుంది. షుగరూ, అదుపు లేని బీపీ చేసేదీ అదే. ఇలాంటి పొర ఉన్నవాళ్లకి నొప్పి బిళ్ల మరీ భారం.

ఏటా మార్చి వచ్చేసరికి మీ జిల్లా పేజీలో వడదెబ్బ జాగ్రత్తలని చిన్న పెట్టె కట్టి వేస్తారు. మజ్జిగ తాగండి, తలకి తువ్వాలు చుట్టుకోండి, మిట్టమధ్యాహ్నం పొలానికి పోకండి అని. మా షాపు గోడకి ఆ పెట్టెలు కత్తిరించి అంటించేవాణ్ని. ఈసారి అందులో కింది మాట కూడా చేర్చండని చేతులు జోడించి అడుగుతున్నాను. అచ్చయితే మా అబ్బాయి షాపులో మొదటిది అంటిస్తాను, సోంపేట, కంచిలి, కవిటి షాపులకి నేనే తిరిగి ఇస్తాను.

‘ఎండలో చెమట పట్టి పనిచేసిన రోజున, వాంతులూ విరేచనాలూ అయిన రోజున డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి బిళ్లలు వేసుకోకండి. ముందు నీళ్లు తాగండి. బీపీ, షుగరు, కిడ్నీ మందులు వాడేవాళ్లు ఏ నొప్పి బిళ్లయినా డాక్టర్ని అడిగాకే వేసుకోండి. వాడుతున్న బీపీ మందుని మాత్రం సొంతంగా మానకండి.’

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా