బిల్లింగ్ ప్రోగ్రామ్ ఇక మధ్యాహ్నం మూసి తెరవక్కర్లేదు

విశాఖలో మహారాణిపేట, డాబాగార్డెన్స్, గాజువాక మందుల షాపుల్లో మా బిల్లింగ్ ప్రోగ్రామ్ వాడుతున్న మీ అందరికీ నమస్కారం. కొన్నాళ్ళుగా రెండో కౌంటర్లో స్క్రీన్ బిగుసుకుపోయి ‘నాట్ రెస్పాండింగ్’ అని వస్తోందని ఫోన్లు చేస్తూనే ఉన్నారు. మూసి తెరిస్తే బాగవుతోంది కాబట్టి చాలామంది సర్దుకుపోయారు. ఒకరైతే "మీ ప్రోగ్రామ్‌కి కూడా మధ్యాహ్నం కునుకు కావాలేమోనండీ" అన్నారు. నేనూ నవ్వాను గానీ, ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

సంగతి ఇదీ. డేటాబేస్‌తో మాట్లాడే భాగాన్ని ఒక బయటి టీమ్ రాసింది. వాళ్ళు వాడింది ప్రోగ్రామ్‌కీ డేటాబేస్‌కీ మధ్య రికార్డులు చేరవేసే రెడీమేడ్ లైబ్రరీ, ఎన్‌హైబర్నేట్. దాని మీద నాకే ఫిర్యాదూ లేదు, వాడిన తీరే ఘోరం. పొద్దున ప్రోగ్రామ్ తెరవగానే ఒక సెషన్ (డేటాబేస్‌తో ఒక విడత పని) తెరిచి, రాత్రి షట్టర్ దించేదాకా దాన్నే నడిపించారు. సెషన్ ఒకసారి చదివిన రికార్డును తన దగ్గరే దాచుకుంటుంది, మళ్ళీ అడిగితే ఆ కాపీనే ఇస్తుంది. అందుకే పక్క కౌంటర్లో అయిపోయిన బ్యాచ్ మీకింకా స్టాక్‌లో కనిపించేది.

ట్రాన్సాక్షన్, అంటే మార్పులన్నీ కలిపి ఒక్కసారిగా ఖాయం చేసే పని, దాని సంగతి ఇంకా అన్యాయం. బిల్లులో మొదటి మందు కొట్టగానే డేటాబేస్‌లో స్టాక్ తగ్గించేసి, సేవ్ నొక్కేదాకా ట్రాన్సాక్షన్ తెరిచే ఉంచారు. కస్టమర్ యూపీఐ పిన్ కోసం ఇంటికి ఫోన్ చేస్తున్నంతసేపూ ఆ బ్యాచ్ లాకులోనే. ఎస్‌క్యూఎల్ సర్వర్ (మా డేటాబేస్) మామూలు సెట్టింగులో అదే బ్యాచ్ చదవబోయిన రెండో కౌంటర్ ఆగాల్సిందే. 30 సెకన్లు చూసి టైమౌట్ ఎర్రర్. ఎర్రర్ వచ్చిన సెషన్‌ని పారేసి కొత్తది తెరవమని ఎన్‌హైబర్నేట్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. వీళ్ళకి ఉన్నదే ఒక్కటి, ఏం పారేస్తారు? చెడిపోయిన దాంతోనే తర్వాతి బిల్లులూ లాగించారు. మూసి తెరిస్తే కొత్త సెషన్ వస్తుంది కాబట్టి బాగయ్యేది.

ఇదంతా చూపించి ఆ టీమ్‌ని అడిగితే "రీస్టార్ట్ చేస్తే పోతోంది కదా సార్" అన్నారు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. మిగతా డబ్బు కోసం మెసేజ్ పెట్టడం మాత్రం మానలేదు. ఇవ్వలేదు, ఇవ్వను.

ఆ భాగం మొత్తం మేమే తిరగరాశాం. ఇప్పుడు ఒక్కో స్క్రీన్‌కి ఒక్కో సెషన్, స్క్రీన్ మూస్తే అదీ పోతుంది. ట్రాన్సాక్షన్ సేవ్ నొక్కినప్పుడే మొదలై అప్పుడే ముగుస్తుంది.

ఎటూ తేలక సతమతమైంది ఒక్క విషయంలో. ముందే లాక్ వేయకపోతే ఆఖరి స్ట్రిప్‌ను రెండు కౌంటర్లూ బిల్లులో పెట్టుకోవచ్చు. మరి ఎవరికి ఇవ్వాలి? "ఎవరు చివర నొక్కితే వాళ్ళదే, స్టాక్ మైనస్‌లోకి పోతే పోనీ" అని మీలో కొందరు అన్నారు. పని సులువే. కానీ షెడ్యూల్ హెచ్‌1 మందుల (యాంటీబయాటిక్స్ లాంటివి, ప్రతి అమ్మకమూ రాయాల్సినవి) రిజిస్టర్ 3 ఏళ్ళు దాచాల్సిన షాపులో లేని బ్యాచ్ అమ్మినట్టు బిల్లు రావడం నాకు మనస్కరించలేదు. మరోవైపు, పది మందులు కొట్టాక "కుదరదు" అంటే కౌంటర్ మీద ఉన్నవాళ్ళు ఊరుకుంటారా? చేతిలో ఆ పనీ ఈ పనీ ఉన్నా బుర్రలో ఇదే తిరిగేది. చివరికి ప్రతి బ్యాచ్‌కీ ఒక వెర్షన్ నంబర్ పెట్టాం. సేవ్ చేసేటప్పుడు ఆ నంబర్ మారి ఉంటే, ఈలోగా పక్కవాళ్ళు అమ్మారన్నమాట. అప్పుడు ప్రోగ్రామ్ కొత్త సెషన్‌లో మళ్ళీ చదువుతుంది. స్టాక్ చాలితే మిమ్మల్ని అడక్కుండానే బిల్లు పూర్తి చేస్తుంది. చాలకపోతే ఆ ఒక్క లైను పసుపు రంగులోకి మారుతుంది, మిగతా మందులు చెక్కుచెదరవు.

"ఇంత గొడవెందుకు, అంతా ఆన్‌లైన్‌కి మార్చేయకూడదా" అనేవాళ్ళకి ఒక్క మాట. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక ఈ ఊళ్ళో కరెంటు, ఫోన్లు ఎన్ని రోజులు లేవో మీకూ తెలుసు. జనరేటర్ ఉంటే షాపులోనే బిల్లు అవ్వాలి. నేను డెస్క్‌టాప్ వదలను.

అప్‌డేట్‌కి డబ్బులేం లేవు. రాత్రి షాపు కట్టేశాక మా కుర్రాడు వచ్చి, ముందు బ్యాకప్ తీసి వేస్తాడు. పాత బిల్లులకేమీ కాదు. అన్ని కౌంటర్లకీ ఒకేసారి వేయాలి, ఒకటి పాతదీ ఒకటి కొత్తదీ నడపొద్దు. పసుపు లైను వస్తే క్వాంటిటీ తగ్గించడమో వేరే బ్యాచ్ ఎంచుకోవడమో చేయాలని కౌంటర్లో కుర్రాళ్ళకి ముందే చెప్పి ఉంచండి.