ప్రాజెక్టు మార్కులు థర్మోకోల్ బొమ్మకా, పిల్ల చేసిన ప్రయోగానికా?

సంపాదకుల వారికి నమస్కారం.

మా అమ్మాయి ఆరో తరగతి. గత నెల 28న జాతీయ సైన్స్ దినోత్సవానికి స్కూల్లో ప్రాజెక్టు తెమ్మన్నారు. ముందురోజు రాత్రి బుక్ షాపుకి వెళ్తే అక్కడ నాలాంటి తల్లిదండ్రులు పదిమంది దాకా ఉన్నారు. అగ్నిపర్వతం 450 రూపాయలు, సౌరకుటుంబం 350. అన్నీ థర్మోకోల్‌తో చేసి, రంగులేసి, పిల్లల పేరు రాసుకోవడానికి కింద చోటు వదిలినవే. మేమూ ఒక అగ్నిపర్వతం కొన్నాం. దానికి ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. ఇంటికొచ్చాక "ఆ నురగ ఎందుకు పొంగిందమ్మా?" అని అడిగితే, "ఏమో, షాపు అంకుల్ పొడి పొయ్యమన్నాడు" అంది. చాలా బాధేసింది. అందుకే ఈ ఉత్తరం.

ఆ ఆదివారం చెంచాడు పసుపు నీళ్లలో కలిపి, తెల్లకాగితం ముక్కలు ముంచి ఆరబెట్టాం. ఒక ముక్క మీద సబ్బునీళ్ల చుక్క వేస్తే ఎర్రబడింది. మా అత్తగారు చూసి, "ఇందులో వింతేముందే, దిష్టికి ఎర్రనీళ్లు కలిపేది ఇలాగేగా, పసుపులో సున్నం వేసి" అన్నారు. ఇన్నేళ్లుగా ఆ నీళ్లు చూస్తున్న పిల్ల ఒక్క నిమిషం ఆలోచించి, "మరి అందులో నిమ్మకాయ పిండితే?" అంది. పిండాం. ఎరుపు పోయి మళ్లీ పసుపు రంగు వచ్చేసింది. ఇక తను ఆగలేదు. వంటసోడాకి కాగితం కాస్త ఎర్రబడింది. చింతపండు రసానికి, మజ్జిగకి మారలేదు, ఉప్పునీళ్లకీ మారలేదు. "అంటే ఉప్పు కూడా పులుపేనా?" అని అడిగింది. దానికి జవాబు పెరట్లో దొరికింది. మందారపూల రేకులు వేణ్నీళ్లలో నానబెట్టి ఆ రంగునీళ్లతో చూస్తే నిమ్మరసానికి ముదురు గులాబీ అయింది, సోడాకి ఆకుపచ్చగా మారింది, ఉప్పుకి ఏ మార్పూ లేదు. నిమ్మరసం ఆమ్లం, సోడా క్షారం, ఉప్పు ఆ రెండూ కాని తటస్థం అని అప్పుడు చెప్పాను. చివరికి గ్లాసులో నిమ్మరసం పోసి సోడా వేస్తే బుస్సున పొంగింది. వెలిగించిన అగ్గిపుల్ల అందులోకి దించితే ఆరిపోయింది. అగ్నిపర్వతంలో జరిగిందీ ఇదేనని తనే పట్టేసింది. మొత్తం ఖర్చు 20 రూపాయలు దాటలేదు. (సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం, అగ్గిపుల్ల సంగతీ తెలిసిందే. పెద్దవాళ్లు పక్కన ఉండి తీరాలి.)

ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. దారానికి తాళంకప్ప కట్టి మెల్లగా ఊపండి. దారం మీటరు పొడవుంటే పది ఊపులకు (అటు వెళ్లి తిరిగి వస్తే ఒక ఊపు) దాదాపు 20 సెకన్లు పడుతుంది, పాతిక సెంటీమీటర్లకు తగ్గిస్తే సగం టైమ్ చాలు. బరువు పెంచితే వేగంగా ఊగుతుందని పెద్దవాళ్లమూ అనుకుంటాం. ఇంకా బరువైన తాళంకప్ప కట్టి లెక్కపెడితే అది నిజం కాదని తెలుస్తుంది.

మనం సైన్స్ దినోత్సవం రోజు తలుచుకునే సి.వి. రామన్ చిన్నప్పుడు విశాఖపట్నంలోనే చదువుకున్నారు. 1928లో ఆయన, కె.ఎస్. కృష్ణన్ కలిసి చేసిన పరిశోధన కూడా సూర్యకాంతి, రంగు ఫిల్టర్లు, కంటిచూపుతోనే మొదలైంది. ఆయన పేరు మీద జరిగే పండక్కి షాపులో బొమ్మ కొనాల్సి రావడం నాకు అస్సలు నచ్చలేదు.

టీచర్లను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. క్లాసులో యాభై మంది, సిలబస్ టెన్షన్, పైగా ఎగ్జిబిషన్‌కి వచ్చేవాళ్ల కంటికి ఇంపుగా ఉండాలన్న ఒత్తిడి. పిల్లలు సొంతంగా వస్తువులు తయారుచేసి నేర్చుకునే అటల్ టింకరింగ్ ల్యాబులకు కేంద్రం ఒక్కో బడికి 20 లక్షల దాకా ఇస్తోంది, మంచిదే. కానీ అవి అన్ని బళ్లకూ రాలేదు. పసుపు, దారం, నిమ్మకాయ ప్రతి బడికీ అందుతాయి. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బళ్లతో మొదలుపెట్టి, సైన్సంతా పిల్లల చేత ప్రయోగాలు చేయిస్తూనే నేర్పారు. 2002 దాకా మామూలు ప్రభుత్వ బళ్లలోనే అది నడిచింది. పరీక్ష కూడా పుస్తకం దగ్గర పెట్టుకుని రాసేదే. అక్కడ అన్నేళ్లు సాధ్యమైనది ఇక్కడ ఎందుకు కాదు?

విద్యాశాఖ వారిని అడిగేది ఒక్కటే. ప్రాజెక్టు మార్కులు కొన్న మోడల్‌కు వేయొద్దని బళ్లకు స్పష్టంగా చెప్పండి. పిల్ల ఏం అడిగింది, ఏం చేసింది, ఏం చూసింది, సొంత మాటల్లో ఏం రాసింది అన్నదానికి వేయండి. అనుకున్నట్టు రాని ప్రయోగాన్ని ఉన్నదున్నట్టు రాసినా పూర్తి మార్కులు ఇవ్వండి. వారానికి ఒక్క పీరియడ్ దీనికే వదలండి.

మీ పత్రికకూ ఒక విన్నపం. ఎండాకాలంలో మన ఊళ్లన్నిటికీ ఒక రోజు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువుగా పాతిన కర్రకి నీడ కనబడదు. తిరుపతిలో ఏప్రిల్ చివర్లో, మా తెనాలిలో మే 5 ప్రాంతంలో, హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, శ్రీకాకుళంలో ఆ తర్వాత మూడు నాలుగు రోజులకు. ఏ ఊళ్లో ఏ తేదీన, ఏ నిమిషానికో పిల్లల పేజీలో ముందుగానే వేయండి. మా అమ్మాయి డాబా మీద పెట్టడానికి కర్ర ఇప్పటికే వెతికి పెట్టుకుంది.

- ఒక తల్లి, తెనాలి