లోన్ ఇచ్చినోళ్లే తీర్పు చెప్తే ఎట్లా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మన పాన్, ఆధార్ వాడుకుని ఎవడో లోన్ ఎత్తితే వాడిని శిక్షించడానికి చట్టాలు బాగానే ఉన్నాయండి, మన నెత్తిన పడ్డ ఆ అప్పు ఎవరు తీసేయాలి అనే దగ్గరే అంతా గందరగోళం. ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) చట్టంలో 66సి సెక్షన్ ఉంది, ఇంకొకరి పాస్‌వర్డ్, డిజిటల్ సంతకం, గుర్తింపు వివరాలు మోసంతో వాడితే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా ఫైన్. ఐపీసీ బదులు 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 319 సెక్షన్ ప్రకారం ఇంకొకరిలా నటించి మోసం చేస్తే ఐదేళ్ల దాకా వేయొచ్చు. కానీ 66సి కేసు దర్యాప్తు చేయాల్సింది ఇన్‌స్పెక్టర్ లేదా ఆ పైవాళ్లు, మండలాల్లో చాలా స్టేషన్లకి ఎస్సైయే పెద్ద దిక్కు, ఇక మనం తిరగడమే!

మా మేనమామ కొడుకు పాన్ మీద ఎవడో ఒక యాప్‌లో లోన్ తీసుకున్నాడు, రికవరీ వాళ్లు ఫోన్ చేసి తిడితే గానీ ఇంట్లో తెలియలేదు. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ ఇచ్చాడు, మన అప్పుల చిట్టా చూపించే క్రెడిట్ రిపోర్ట్‌లో తప్పుంది సరిచేయమని డిస్ప్యూట్ కూడా పెట్టాడు. క్రెడిట్ రిపోర్ట్ ఇచ్చే కంపెనీ ఏం చేస్తుందంటే ఆ లోన్ ఇచ్చిన సంస్థనే అడుగుతుంది, వాళ్లు సరే అంటేనే మారుస్తుంది. వాళ్లేమో "మా రికార్డు కరెక్టే" అని ఒక్క లైన్ రాసి పంపారు. అసలు ముఖం చూడకుండా లోన్ ఇచ్చిందే వాళ్లు, మళ్లీ అది సరిగ్గా ఇచ్చామో లేదో చెప్పేదీ వాళ్లేనా? 30 రోజుల్లో ఫిర్యాదు తేల్చకపోతే రోజుకి 100 రూపాయలు ఇవ్వాలని ఆర్బీఐ రూల్ పెట్టింది, మంచిదే, కానీ "కరెక్టే" అని జవాబిస్తే తేల్చినట్టే లెక్క కదండీ.

బ్యాంకు ఖాతాలోంచి మనకి తెలియకుండా ఆన్‌లైన్‌లో డబ్బులు పోతే మాత్రం వేరే రూల్. 2017 ఆర్బీఐ సర్క్యులర్ ప్రకారం తప్పు కస్టమర్‌దే అని నిరూపించాల్సిన బాధ్యత బ్యాంకు మీదే ఉంటుంది. మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా బయటివాళ్ల వల్ల పోతే మూడు పనిదినాల్లోపు చెప్పినోళ్లకి నష్టం సున్నా. మరి మనం తీసుకోని లోన్‌కి ఇదే రూల్ ఎందుకు పెట్టరు? ఏ ఫోన్ నంబర్‌తో అప్లై చేశారు, డబ్బు ఏ ఖాతాలో పడింది, కేవైసీ ఎవరు చేశారు, ఇవన్నీ లోన్ ఇచ్చినోళ్లే చూపించాలి, చూపించేదాకా రికవరీ ఫోన్లు ఆగాలి, క్రెడిట్ స్కోరు తగ్గకూడదు.

2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం మీద చాలామంది ఆశ పెట్టుకున్నారు, మన డేటా సరిగ్గా కాపాడని కంపెనీకి 250 కోట్ల దాకా పెనాల్టీ అట. ఆ డబ్బు వెళ్లేది కేంద్ర ఖజానాకి, నష్టపోయినోడికి పైసా రాదు. పైగా ఈ చట్టం పూర్తిగా అమలైతే ఐటీ చట్టంలో పరిహారం అడిగే 43ఎ సెక్షన్ కూడా పోతుంది. దీని మీద టీవీల్లో పెద్దగా చర్చే కనపడదు ఎందుకో.

తీసుకోని లోన్‌కి రుజువు లోన్ ఇచ్చినోళ్లే చూపించడం, నష్టపోయినోడికి పరిహారం, మన ఎంపీలు ఈ రెండు విషయాలు పార్లమెంటులో అడిగేలా మీ పేపర్ రాస్తే బాగుంటుంది. ఈలోగా చదివేవాళ్లు ఏడాదికోసారి ఫ్రీగా ఇచ్చే క్రెడిట్ రిపోర్ట్ తీసుకుని చూసుకోండి, నాలుగు కంపెనీలు ఉన్నాయి, నాలుగూ ఇవ్వాల్సిందే.

ఇట్లు,
ఒక పాఠకుడు, కరీంనగర్