2020–21 వార్షిక నివేదిక: పంచాయతీ ఎన్నికలు, ఏకగ్రీవాలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

2018 ఆగస్టులో పాలకవర్గాల గడువు ముగిశాక రెండున్నరేళ్ల పాటు ప్రత్యేకాధికారుల చేతిలో నడిచిన మన ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీలకు 2021 ఫిబ్రవరి 9 నుంచి 21 వరకు నాలుగు విడతల్లో ఎన్నికలు జరిగాయి. కోవిడ్ వల్ల తొలి నెలల్లో సమావేశాలు పెట్టుకోలేకపోయినందున, ఈ ఏడాది సంఘం చేసిన పనిలో అధిక భాగం ఆ ఎన్నికల చుట్టూనే సాగింది.

పోటీ లేకుండా పాలకవర్గాన్ని ఎన్నుకున్న గ్రామాలకు జనాభాను బట్టి రూ.5 లక్షల నుంచి రూ.20 లక్షల వరకు ప్రభుత్వం ప్రోత్సాహకం ప్రకటించింది. ఊరంతా మనస్ఫూర్తిగా ఒక్కమాట మీద నిలిస్తే కాదనేవారెవరు? అయితే గుడికి ఎక్కువ విరాళం ఇస్తానన్నవారికి సర్పంచ్ పదవిని వేలంలో అప్పగించిన చోట, పెద్దల మాట కాదంటే కూలి పని దొరకదని పేదలు భయపడిన చోట, దాన్ని ఏకాభిప్రాయం అనడానికి మన కార్యవర్గం అంగీకరించలేదు. నామినేషన్ ఉపసంహరణకు డబ్బు ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమేనని మన కార్యకర్తలు వాడవాడలా తిరిగి చెప్పారు.

ఒక గ్రామంలో ఎస్సీ మహిళకు రిజర్వయిన వార్డులో పోటీకి సిద్ధపడిన కౌలు రైతు ఒకరు కుల ధ్రువీకరణ పత్రంతో సహా అన్నీ సమకూర్చుకున్నా, ప్రతిపాదకుడిగా సంతకం చేసేవారు మాత్రం చాలాసేపు దొరకలేదు. అడిగినవారిలో చాలామంది ఒకే రైతు భూమిని కౌలుకు చేస్తున్నవారు. చివరకు ఎవరి పొలం మీదా ఆధారపడని, అదే వార్డుకు చెందిన విశ్రాంత ఆర్టీసీ కండక్టర్ సంతకం చేశారు. ఆమె స్వల్ప తేడాతో ఓడిపోయారు గాని, ఆ వార్డులో ఓటు పడింది. చట్టం ఇచ్చిన రిజర్వేషన్‌కూ దాన్ని వాడుకునే స్తోమతకూ మధ్య దూరం ఎంతో ఆ ఒక్క సంతకం తేల్చిచెప్పింది.

గెలిచిన మహిళా సర్పంచుల విషయంలో మరో చిక్కు ఉంది. స్థానిక సంస్థల్లో స్త్రీలకు సగం స్థానాలు దక్కుతున్నా, సమావేశంలో భర్త కుర్చీలో, ఆమె గుమ్మం పక్కన కూర్చునే రివాజు పోలేదు. అధికారులూ ఆయనతోనే మాట్లాడుతున్నారు. అందుకే రాబోయే ఏడాది కొత్త సర్పంచులకు, వార్డు సభ్యులకు పంచాయతీ రికార్డులు, నిధుల ఖాతా, గ్రామసభ తీర్మానాలపై శిక్షణ తరగతులు నిర్వహించాలని, మహిళల విషయంలో భర్తలకు కాక ఎన్నికైన వారికే వాటిలో ప్రవేశం కల్పించాలని కార్యవర్గం తీర్మానించింది.

జమాఖర్చుల పట్టికను ఆడిటర్ సంతకంతో విడిగా అందజేస్తున్నాం. శిక్షణ ఖర్చుల కోసం సభ్యత్వ రుసుము పెంచాలన్న ప్రతిపాదన సర్వసభ్య సమావేశం ఆమోదానికి వస్తుంది.

— కార్యదర్శి